సిజేరియన్, పసిపేగుల్లో బాక్టీరియా, ఎదిగే మెదడు: తెలిసిందెంత?

సిజేరియన్‌తో బిడ్డను కన్న తల్లులను ఈమధ్య ఒక కొత్త భయం పట్టుకుంది. మామూలు కాన్పు కాలేదు కాబట్టి తల్లి నుంచి రావాల్సిన బాక్టీరియా బిడ్డకు రాలేదట, పేగుల్లో అవి లేకపోతే మెదడు సరిగా ఎదగదట, చివరికి అది ఆటిజం దాకా పోతుందట. ఇలాంటి మాటలు వాట్సాప్‌లో చేతులు మారుతూ పోతుంటాయి. మన రాష్ట్రాల్లో ఈ భయం కొద్దిమందిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతమే. అంటే లక్షలాది తల్లులు ఆ మాటలు విని తమ బిడ్డకేసి అనుమానంగా చూసుకునే పరిస్థితి.

ఆ మాటల్లో కొంత నిజం ఉంది. పేగుల్లోని బాక్టీరియాకూ మెదడు, నాడీ వ్యవస్థల ఎదుగుదలకూ సంబంధం ఉందని గత ఇరవై ఏళ్లలో చాలా గట్టి ప్రయోగాలే చూపించాయి. అయితే అవి దాదాపు అన్నీ ఎలుకల మీద జరిగాయి. అక్కడి నుంచి మన ఇంటి ఉయ్యాల దాకా రావాలంటే మధ్యలో చాలా దూరం నడవాలి. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఏ బాక్టీరియా మంచిది, ఏది చెడ్డది అన్న లెక్క కాదు. ఏ వయసులో ఏది అవసరం, ఆ వయసు దాటితే సరిదిద్దుకోగలమా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఈ విషయం ఎలా బయటపడిందో చూద్దాం. ప్రయోగశాలల్లో ఒంటి మీద గానీ, లోపల గానీ ఒక్క సూక్ష్మజీవి కూడా లేని చిట్టెలుకలను పెంచుతారు. తొలితరం పిల్లలను తల్లి గర్భసంచితో సహా ఆపరేషన్ చేసి తీసి, క్రిములు లేని గుడారం లాంటి ప్లాస్టిక్ అరలోకి చేరుస్తారు. లోపలికి వెళ్లే గాలిని వడగడతారు. మేత, నీళ్లు, కింద పరిచే పొట్టు అన్నీ ముందే శుద్ధి చేసినవి. మనుషులు ఆ అర గోడకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి వాటిని చూసుకుంటారు. ఆ తర్వాతి తరాలు అక్కడే పుట్టి అక్కడే పెరుగుతాయి.

2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో నొబుయుకి సుడో బృందం ఇలాంటి ఎలుకలను కాసేపు కదలనివ్వకుండా ఇరుకు గొట్టంలాంటి దాంట్లో బంధించి, రక్తంలో ఒత్తిడి హార్మోన్లు కొలిచింది. మామూలు ఎలుకల్లో కంటే వీటిలో ఆ హార్మోన్లు చాలా ఎక్కువగా ఎగిశాయి. మెదడు కణాలు ఎదగడానికి, నిలదొక్కుకోవడానికి తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ కూడా వీటి మెదడులో తక్కువగా ఉంది. బిఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ అనే ఒకే ఒక్క బాక్టీరియాను పేగుల్లోకి పంపితే ఒత్తిడి స్పందన మామూలు స్థాయికి వచ్చింది. ఈ పేరు గుర్తుంచుకోండి, తల్లిపాల దగ్గర మళ్లీ వస్తుంది. ఇంకో సంగతి కూడా తేలింది. మామూలు ఎలుకల పేగు బాక్టీరియాను చిన్న వయసులో అందిస్తే ఈ ఎలుకలు కొంతవరకు దారికి వచ్చాయి. ఎదిగిపోయాక అందిస్తే ఫలితం లేకపోయింది.

ఏడేళ్ల తర్వాత, 2011లో, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఎలుకల నడవడిక మీద దృష్టి పెట్టారు. బాక్టీరియా లేని ఎలుకలు ఎక్కువగా తిరిగాయి, వెలుతురులోకి, ఆరుబయలుకి జంకు లేకుండా వెళ్లాయి. వినడానికి ఇది మేలే అనిపిస్తుంది గానీ, గద్దలూ పిల్లులూ ఉన్న లోకంలో జంకు లేని ఎలుక ఎన్నాళ్లో బతకదు. ఇక్కడా అదే కథ. పసితనం నుంచే బాక్టీరియాతో పెరిగినవి మామూలు ఎలుకల్లా ప్రవర్తించాయి, పెద్దయ్యాక బాక్టీరియా అందినవి మారలేదు.

పేగుల్లో ఉన్న బాక్టీరియా ఎక్కడో పుర్రెలో ఉన్న మెదడుని ఎలా మారుస్తుంది? దారులు చాలానే ఉన్నాయి. అందులో నన్ను బాగా ఆకట్టుకున్నది అన్నిటికంటే సాదాసీదాగా కనిపించేదే. మనం తినే పీచును మన జీర్ణరసాలు అరిగించలేవు. అది పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఇవి రక్తంలో కలుస్తాయి. 2014లో కరోలిన్‌స్కా పరిశోధకులే తేల్చిన విషయం ఏమిటంటే, బాక్టీరియా లేని ఎలుకల్లో మెదడు రక్తనాళాల గోడ వదులుగా ఉంటుంది. రక్తంలో తిరిగే అనేక పదార్థాలను మెదడులోకి రానివ్వకుండా ఆపే కట్టడి ఆ గోడదే. దాని కణాలను ఒకదానితో ఒకటి గట్టిగా కుట్టి ఉంచే ప్రొటీన్లు ఈ ఎలుకల్లో తక్కువ. ఈ లోపం తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలవుతోంది. ఎదిగిన ఎలుకలకు బాక్టీరియాను అందించినా, బ్యుటిరేట్ తయారుచేసే రకాలను మాత్రమే అందించినా గోడ మళ్లీ బిగిసింది.

మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు మైక్రోగ్లియాను పరిశీలించారు. ఇవి మెదడులో ఉండే రక్షక కణాలు. క్రిములతో పోరాడటం వీటి పనిలో ఒక భాగమే. పసి మెదడులో నాడీకణాల మధ్య అవసరానికి మించి బంధాలు ఏర్పడతాయి. వాటిలో వాడుకలో లేని వాటిని తొలగించి, పనికొచ్చే వాటిని నిలబెట్టడంలో మైక్రోగ్లియాది పెద్ద పాత్ర. బాక్టీరియా లేని ఎలుకల్లో ఈ కణాలు పెద్దవయసులోనూ ఎదిగీ ఎదగనట్టుగానే ఉండిపోయాయి, ఇన్ఫెక్షన్ ఎదురైతే మందకొడిగా స్పందించాయి. తాగే నీళ్లలో ఆ చిన్న కొవ్వు ఆమ్లాలను కలిపి నాలుగు వారాలు ఇస్తే చాలావరకు సర్దుకున్నాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. ఒత్తిడి స్పందన విషయంలో పసివయసు దాటితే దిద్దుబాటు లేదు. మైక్రోగ్లియా, రక్తనాళాల గోడ విషయంలో పెద్దయ్యాకా దిద్దుబాటు ఉంది. 2013లో ఐర్లండ్‌లోని కార్క్ విశ్వవిద్యాలయ బృందం బాక్టీరియా లేని మగ ఎలుకల మెదడులో, జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోక్యాంపస్ అనే భాగంలో, మనసు తీరును ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం పెరగడాన్ని గమనించింది. బాక్టీరియాను తర్వాత చేర్చినా అది తగ్గలేదు. అదే ఎలుకల్లో ఆందోళనకు సంబంధించిన ప్రవర్తన మాత్రం మామూలుకొచ్చింది. అంటే మెదడు మొత్తానికి ఒకే గడువు లేదు, ఒక్కో పనికీ ఒక్కో గడువు ఉంది. ‘మొదటి వెయ్యి రోజులు దాటితే అంతా అయిపోయినట్టే’ అని తల్లిదండ్రులను బెదిరించే వాళ్లు ఈ తేడాను చెప్పరు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా చెప్తాను. పేగుల గోడల్లోనే పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. అక్కడి నుంచి మెదడు కాండానికి వేగస్ నాడి ఉంది. దాని తంతువుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి పైకి కబురు మోసేవే. పేగుల్లోని నాడీజాలం కూడా పుట్టిన తర్వాత బాక్టీరియా సాన్నిహిత్యంలోనే పూర్తిగా కుదురుకుంటుందని ఎలుకల్లో చూశారు. ఇక సెరటోనిన్ గురించి విపరీతంగా తప్పుడు ప్రచారం జరుగుతోంది. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతం పేగుల్లో తయారవుతుందన్నది నిజం. కొన్ని బాక్టీరియాలు ఆ తయారీని పెంచుతాయని 2015లో అమెరికా పరిశోధకురాలు ఎలేన్ షావో, ఆమె సహచరులు చూపించారు, అదీ నిజమే. అయితే ఆ సెరటోనిన్ మెదడులోకి వెళ్లదు, రక్తనాళాల గోడ దాన్ని ఆపేస్తుంది. అది పేగుల కదలికకు, రక్తం గడ్డకట్టడానికి పనికొస్తుంది. మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. ‘పేగులు బాగుంటే ఆనందం ఉప్పొంగుతుంది’ అని ఈ 90 శాతం లెక్కతో చెప్పడం చదువరులను మోసం చేయడమే.

బిడ్డ పుట్టకముందు సంగతి ఇంకా ఆసక్తికరం. కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయలో (ప్లాసెంటాలో) బాక్టీరియా సమూహం ఉంటుందని 2014 ప్రాంతంలో గట్టిగా వినిపించింది. 2019లో బ్రిటన్‌లో వందల మాయలను జాగ్రత్తగా పరీక్షిస్తే అలాంటిదేమీ లేదని, కనిపించిన ఆనవాళ్లలో ఎక్కువ భాగం ప్రయోగశాల రసాయనాల నుంచి, కాన్పు సమయంలో అంటుకున్నవని తేలింది. అంటే కడుపులో బిడ్డ దాదాపు సూక్ష్మజీవులు లేకుండానే పెరుగుతుంది. అయినా తల్లి పేగుల్లోని బాక్టీరియా ఆ బిడ్డ మెదడును తాకుతుంది. 2020లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షావో బృందమే ఇది చూపించింది. బాక్టీరియా లేని తల్లి ఎలుకల కడుపులోని పిల్లల్లో మెదడు లోపలి థాలమస్ అనే భాగం నుంచి మెదడు పైపొరకు వెళ్లే నాడీతంతువులు పలచగా ఉన్నాయి. చర్మానికి తగిలే స్పర్శ, నొప్పి కబుర్లు మోసేది ఆ దారే. అలాంటి పిల్లలు పెద్దయ్యాక స్పర్శకు తక్కువగా స్పందించాయి. తల్లి పేగుల్లో బాక్టీరియా తయారుచేసే కొన్ని రసాయనాలను గర్భంతో ఉన్న తల్లికే ఇంజెక్షన్‌గా ఇస్తే ఈ లోపం రాలేదు. బాక్టీరియా తల్లి పేగుల్లోనే ఉంటుంది, అది తయారుచేసిన రసాయనాలు మాత్రం మాయ దాటి వెళ్తాయి.

ఇంతవరకు ఎలుకల మాట. మనుషుల దగ్గరకొచ్చేసరికి అడుగడుగునా చిక్కుముడులు. ఒక ఉదాహరణ చాలు. 2011లో లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ రకం బాక్టీరియా ఒకటి ఎలుకల్లో ఆందోళన తగ్గించిందని, వేగస్ నాడిని కోసేస్తే ఆ ప్రభావం పోయిందని ఒక అద్భుతమైన ప్రయోగం చూపించింది. ఆ తర్వాత అదే బాక్టీరియాను ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఇచ్చి చూశారు. ఒత్తిడి మీదా, జ్ఞాపకశక్తి మీదా ఏ ప్రభావమూ కనిపించలేదు. 2017లో ఆ ఫలితాన్ని ఆ పరిశోధకులే దాచకుండా ప్రచురించారు. నిజాయితీ అంటే అదీ.

పసిపిల్లల్లో చేసిన అధ్యయనాలు కూడా ఊహించినట్టు రాలేదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 89 మంది పిల్లల మలాన్ని ఏడాది వయసులో పరీక్షించి, రెండేళ్ల వయసులో వాళ్ల మాట, చూపు, చురుకుదనం లాంటివి కొలిచారు. బాక్టరాయిడిస్ అనే బాక్టీరియా ఎక్కువగా ఉన్న పిల్లలకు మంచి మార్కులు వచ్చాయి. అయితే రకరకాల బాక్టీరియా ఎక్కువగా ఉన్న పిల్లలకు మార్కులు తగ్గాయి! ‘వైవిధ్యం ఎంత ఉంటే అంత మంచిది’ అని పెద్దవాళ్లకు చెప్పే సూత్రం ఏడాది బిడ్డకు వర్తించకపోవచ్చు. పాలు తాగే బిడ్డ పేగుల్లో కొద్ది రకాల బాక్టీరియానే రాజ్యమేలడం సహజం. పెద్దవాళ్ల తరహా సమూహం కుదరడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. కాబట్టి ఏడాదికే పెద్దవాళ్లలా ఉండటం తొందరపాటు కావచ్చు. ఇక్కడ కూడా ప్రశ్న వయసుదే.

ఆటిజం గురించి మాట్లాడేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆశపడి, దారి తెలియక డబ్బు పోసే తల్లిదండ్రులు అక్కడే ఎక్కువ. ఆటిజం ఉన్న పిల్లల పేగు బాక్టీరియాలో తేడాలున్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 247 మంది పిల్లల వివరాలు సేకరించి, వాళ్లు ఏం తింటున్నారో కూడా రాసుకున్నారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది కొన్ని రుచులు, కొన్ని స్పర్శలు తట్టుకోలేరు. నాలుగైదు పదార్థాలకు మించి ముట్టని పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. తిండి రకాలు తగ్గడం వల్ల బాక్టీరియా రకాలు తగ్గుతున్నాయని ఆ అధ్యయనం తేల్చింది. ఆటిజం వల్ల తిండి మారింది, తిండి వల్ల బాక్టీరియా మారింది. కారణాన్ని ఫలితంగా, ఫలితాన్ని కారణంగా చూసే ప్రమాదం ఎంత దగ్గరలో ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరి సిజేరియన్ సంగతి? సిజేరియన్ పిల్లల పేగుల్లో మొదట్లో తేడా ఉంటుంది, ఇది గట్టిగా తేలిన విషయమే. 2019లో బ్రిటన్‌లో దాదాపు 600 మంది శిశువుల మలం పరీక్షిస్తే, సిజేరియన్ పిల్లల్లో చాలామందికి బాక్టరాయిడిస్ లేదు, ఆసుపత్రి వాతావరణంలో ఉండే బాక్టీరియా ఎక్కువగా ఉంది. నెలలు గడిచి, పాలు తాగి, అన్నప్రాశన అయ్యేనాటికి ఆ తేడాలు చాలావరకు తగ్గిపోతాయి. మెదడు సంగతి తేల్చడానికి స్వీడన్‌లో దాదాపు 27 లక్షల పిల్లల రికార్డులు పరిశీలించారు. మొత్తంగా చూస్తే సిజేరియన్ పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువగా కనిపించింది. అప్పుడు పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు. ఒకే తల్లికి ఒక కాన్పు మామూలుగా, ఇంకో కాన్పు సిజేరియన్‌తో అయిన కుటుంబాలను వేరుచేసి, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పోల్చారు. ఆ తేడా మాయమైంది. సిజేరియన్ అవసరమయ్యే కుటుంబాల్లో ముందునుంచే ఉన్న కారణాలు ఆ లెక్కను పెంచాయి తప్ప ఆపరేషన్ కాదు. 2015లో వెలువడిన ఈ ఫలితాన్ని సిజేరియన్ అయిన ప్రతి తల్లికీ చదివి వినిపించాలని నాకు అనిపిస్తుంది.

అవసరం లేని సిజేరియన్లను ప్రశ్నించాల్సిందే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 80 శాతం దాటిన సిజేరియన్లకు వైద్యపరమైన కారణం ఒక్కటే చాలదు. కానీ ఆ ప్రశ్న వేయాల్సింది ఆసుపత్రుల్ని, ప్రభుత్వాల్ని. ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచిన తల్లికి ఆ బరువు ఎత్తకూడదు.

ఆ తల్లికి చేతిలో ఉన్నది వేరే ఉంది, అది పాలు. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత అత్యధికంగా ఉండే ఘనపదార్థం ఒక రకం సంక్లిష్ట చక్కెరలు. లీటరుకు 5 నుంచి 15 గ్రాముల దాకా ఉంటాయి. విచిత్రం ఏమిటంటే బిడ్డ వాటిని అరిగించుకోలేదు. అవి బాక్టీరియా కోసం ఉన్నవి. వాటిని పూర్తిగా వాడుకోగల నేర్పు ఎక్కువగా ఉన్నది క్యుషు ప్రయోగంలో కనిపించిన ఆ బిఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్‌కే. అది బిడ్డ పేగుల్ని ఆక్రమించి, అసిటేట్, లాక్టేట్ తయారుచేసి, హాని చేసేవాటికి చోటు లేకుండా చేస్తుంది. అమెరికాలాంటి దేశాల పిల్లల్లో ఇది చాలావరకు కనుమరుగైంది. బంగ్లాదేశ్ పిల్లల్లో ఇప్పటికీ విస్తారంగా ఉంది. మన దగ్గర అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు తెలంగాణలో 40 శాతం కూడా లేరు. సిజేరియన్ తర్వాత తల్లి మత్తులో ఉందని, పాలు రాలేదని చెప్పి బిడ్డను వేరే గదికి తీసుకెళ్లి డబ్బా పాలు పట్టడం, ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం ఇంకా ఆగలేదు. వెన్నుకు మత్తు ఇచ్చి చేసే సిజేరియన్‌లో తల్లికి స్పృహ ఉంటుంది, సాయం చేసే మనిషి పక్కనుంటే గంటలోపే బిడ్డను రొమ్ముకు పెట్టవచ్చు. కాన్పుకు ముందే డాక్టర్‌తో, నర్సుతో ఈ మాట గట్టిగా అనుకోవాలి.

యాంటిబయాటిక్స్ గురించి కూడా ఒక మాట. నవజాత శిశువుకు సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే ప్రాణాంతక ఇన్ఫెక్షన్) వస్తే యాంటిబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది, అక్కడ బాక్టీరియా లెక్కలు చూస్తూ కూర్చోకూడదు. జలుబుకు, వైరస్ వల్ల వచ్చే నీళ్ల విరేచనాలకు మందుల షాపులో అడిగి సిరప్ కొని పోయడం వేరే విషయం. అది పని చేయదు, పేగుల్లో ఉన్న మేలైన బాక్టీరియాను మాత్రం దెబ్బతీస్తుంది.

మరి బాక్టీరియాను మందుగా ఇస్తే ఏమైనా ఉపయోగం ఉందా? ఉండవచ్చని చెప్పడానికి మన పొరుగునే ఒక సాక్ష్యం ఉంది. ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులను రెండు గుంపులుగా చేసింది. ఒక గుంపుకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి తిండిగా ఒక చక్కెరను కలిపి వారం రోజులు పట్టింది. సెప్సిస్ లేదా మరణం సంభవించిన వాళ్లు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. 2017లో వచ్చిన ఈ ఫలితం మెదడు గురించి కాదు. కానీ నవజాత శిశువుల సెప్సిస్ బతికిన పిల్లల మెదడును కూడా దెబ్బతీసే జబ్బు. అక్కడ వాడింది ఒక నిర్దిష్టమైన రకం, నిర్దిష్టమైన మోతాదు. డబ్బా మీద ‘ప్రొబయోటిక్’ అని ఉన్నంత మాత్రాన ప్రతి పౌడరుకూ ఆ గుణం అంటుకోదు.

ఇంకొక సాక్ష్యం ఢాకాది. సరిగా ఎదగని పిల్లల పేగు బాక్టీరియా వాళ్ల వయసుకు తగ్గట్టు ఎదగకుండా, ఇంకా చిన్న బిడ్డల బాక్టీరియాలాగే ఉంటుందని అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్, ఢాకా శాస్త్రవేత్త తహ్మీద్ అహ్మద్‌ల బృందాలు 2014లో కనిపెట్టాయి. పోషకాహారం పెట్టి బరువు పెంచినా ఆ లోపం పూర్తిగా పోలేదు. దాంతో బాక్టీరియాను దృష్టిలో పెట్టుకుని వాళ్లు ఒక ఆహారం తయారుచేశారు. శనగపిండి, సోయా పిండి, వేరుశనగ ముద్ద, పచ్చి అరటికాయ గుజ్జు. ఢాకా మీర్‌పూర్ మురికివాడలో 12 నుంచి 18 నెలల వయసున్న 123 మంది పిల్లల్లో సగం మందికి మూడు నెలలపాటు ఇది, మిగతా సగానికి ఇప్పుడు వాడుకలో ఉన్న పోషకాహారం పెట్టారు. కొత్త ఆహారంలో క్యాలరీలు తక్కువ. అయినా ఆ పిల్లల ఎదుగుదలే మెరుగ్గా ఉంది. రక్తంలో ఎముకల పెరుగుదలకు, నాడీ వ్యవస్థ ఎదుగుదలకు సంబంధించిన ప్రొటీన్లు పెరిగాయి. తెలివితేటలు నేరుగా కొలిచిన పరీక్ష కాదిది. అయినా ఎలుకల నుంచి మనిషి బిడ్డ దాకా వేసిన అడుగుల్లో నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించింది ఇదే.

2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. తెలంగాణ అంగన్‌వాడీల్లో 7 నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. అందులో పచ్చి అరటి లేదు, వేరుశనగ లేదు. ఢాకాలో ఫలించిన పాళ్లు ఇక్కడి పిల్లల పేగుల్లో ఎలా పనిచేస్తాయో పరీక్షించగల జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. శనగపిండి, అరటికాయ దొరకని ఊరు మనకు లేదు.